కొడుకుల చెట్లు పెరిగిన కట్ట

మా ఊళ్లో కోడలు మామగారి పేరు పలికితే నోరు వంకరపోతుందంటారు. నా నోరు ఇప్పటికీ తిన్నగానే ఉంది. ఆ వేసవిలో ఆ పేరు నిండు సభలో, చివరి వరసకి కూడా వినపడేలా పలికినదాన్ని నేనే. చేసినదానికి సిగ్గుపడమని చాలామంది చెప్పి చూశారు, నాకు రాలేదు.

అప్పుడు నేను మా రాజధాని బిష్కెక్‌లో నీటి కట్టడాల మీద పరిశోధన చేస్తున్నాను. పెళ్లై ఏడాది దాటింది. నేను ఎంచుకున్నది మా అత్తవారి ఊరి మట్టికట్ట. కొండల మీద మంచు కరిగి వచ్చే నీళ్లని అది ఆపుతుంది, వేసవంతా ఊరి ఆప్రికాట్ తోటలు ఆ నీళ్ల మీదే బతుకుతాయి. మామయ్య వయసులో ఉన్నప్పుడు ఊరందర్నీ కూడగట్టి, ఎవరి పార వాళ్లని తెచ్చుకోమని, ఆ కట్ట కట్టించాడు. ఊరికి నీరుగంటి కూడా ఆయనే. ఎవరి తోటకి ఎప్పుడు నీళ్లు వదలాలో ఆయన చెప్పాల్సిందే, తూము తిప్పే ఇనుప పిడి ఆయన దగ్గరే ఉంటుంది. కట్టకి ఆయన పేరే పెట్టారు.

అక్కడే వచ్చిపడింది చిక్కు. ఊళ్లోకి కాపురానికొచ్చిన ఆడవాళ్లలో చాలామంది ఆయనకి ఏదో ఒక వరసన కోడళ్లే. వాళ్లంతా దాన్ని "పెద్దాయన కట్ట" అనేవాళ్లు. మా అత్తయ్య అయితే పెళ్లైన నాటినుంచి మొగుడి పేరు పలికి ఎరగదు. ఆవిడకి ఆయన "ముసలాయన". ఆయన ముసలాయన కాకముందు ఏమని పిలిచేదో నాకు తెలీదు.

బిష్కెక్‌లో నా ప్రొఫెసర్ నెల్లీ త్సోయ్. కొరియా సంతతి మనిషి, ఎప్పుడో పాత సర్కారు వాళ్ల తాతల్ని బలవంతాన తెచ్చి మా వైపు పడేసింది. పొట్టిగా ఉంటుంది, మాట మాత్రం పొట్టి కాదు. నా థీసిస్ పేరున్న కాగితం నా చేతికే ఇచ్చి, "పైకి చదువమ్మా," అంది.

అందులో మామయ్య పేరుంది, నేను చదవలేదు.

"పరీక్షించేవాళ్ల ముందు ఏం చేస్తావు మరి? ఆ మాట వచ్చినప్పుడల్లా దగ్గుతావా?"

"కట్టకి సర్కారు నంబరు ఒకటుందండీ. పేరు తీసేసి నంబరు పెట్టుకుంటాను."

"నీ ఇష్టం. ఒక్కటి మాత్రం గుర్తుంచుకో. కట్ట కింద ఊట తేటగా వస్తున్నన్నాళ్లూ కంగారు లేదు. మట్టితో వచ్చిందా, లోపల కట్ట కొట్టుకుపోతోందని. ఆ రోజు మర్యాదలు చూసుకుంటూ కూర్చోకు."

వసంతం ముదిరాక సన్నని ఇనుప గొట్టాలూ, రంగుపొడి డబ్బా పట్టుకుని ఊరికొచ్చాను. మా ఆయన జోమార్త్ పట్నానికి వ్యాను నడుపుతాడు. గొట్టాలు ఆ వ్యానులోనే తెచ్చాడు, ప్రయాణికులు దారంతా వాటి మీద కాళ్లు పెట్టుకుని తిట్టుకుంటూ వచ్చారు. ఇంట్లో కోడలిగా నా పనులు నాకున్నాయి. అందరికన్నా ముందు లేచి వాకిలి ఊడ్చి, టీ కాచి, రొట్టె తుంచి పెద్దవాళ్ల ముందు పెట్టాలి. పియాలాలో టీ సగానికే పొయ్యాలి. నిండా పోస్తే, తాగేసి ఇక బయల్దేరమని చెప్పినట్టు. అవన్నీ అయ్యాక తలగుడ్డ బిగించుకుని కట్ట మీదికి పోయేదాన్ని. గొట్టాలు కట్టలో దింపి, లోపల నీళ్లు ఎంత ఎత్తున ఉన్నాయో చూసేదాన్ని. కట్ట అడుగున ఊట కారేచోట సీసా పెట్టి నీళ్లు పట్టుకొచ్చేదాన్ని.

ఆ సీసాల దగ్గర మొదలైంది గొడవ.

"నా జామ్ సీసాలేవే?" అంది అత్తయ్య, అటక మీద వెతుకుతూ.

"కిటికీలో ఉన్నాయి అత్తయ్యా."

"కిటికీలో ఉన్నవి బురదనీళ్ల సీసాలు."

"అవే ఇవి."

"రేపు పండ్లొచ్చాక జామ్ ఎందులో పెట్టమంటావు? నీ నెత్తిన పెట్టనా?"

"పండ్లొచ్చేలోపు కడిగిచ్చేస్తాను."

ఆవిడ గొణుక్కుంటూ వెళ్లింది కానీ సీసాలు తీసి పారబోయలేదు. నేను వాటిని పట్టిన వరసలోనే పెట్టేదాన్ని. మొదటివాటిలో నీళ్లు తేరుకుంటే అడుగున ఏమీ లేదు. తర్వాతవాటిలో పొడిలాంటి మట్టి. ఇంకా తర్వాతవాటిలో వేలు మందాన ఒండ్రు. అత్తయ్య రోజూ కిటికీ తుడిచేటప్పుడు ఒక్కో సీసా ఎత్తి, వెలుగులో చూసి, మళ్లీ దాని చోట దాన్నే పెట్టడం నేను రెండుమూడుసార్లు గమనించాను.

మట్టి ఎక్కడినుంచి వస్తోందో నాకు అంతు చిక్కలేదు. కట్ట చూస్తే దిట్టంగా ఉంది. చుట్టూ తిరిగి, తిరిగి, ఒకరోజు లోపలి వాలు మీద ఒక మొద్దు తగిలి బోర్లాపడ్డాను. మోకాలు గీరుకుపోయింది. లేచి చూస్తే పక్కన ఇంకో మొద్దు, దాని పక్కన ఇంకోటి, కట్ట పొడుగూతా అవే. ఎన్నిసార్లు వాటి మీదే కూర్చుని రొట్టె తిన్నానో.

మా వైపు కొడుకు పుడితే తండ్రి తెరెక్ మొక్కలు నాటుతాడు. తెరెక్ నిటారుగా, గబగబా పెరిగే చెట్టు. పిల్లాడు పెళ్లీడుకొచ్చేసరికి దూలానికి సరిపోతుంది, నరికి వాడి కొత్త ఇంటికి వేస్తారు. తోటలో నాటితే నీడపడి కాయ చెడుతుందని, కట్ట మీదైతే తడికి తడీ ఉంటుంది, వేళ్లు మట్టిని పట్టుకునీ ఉంటాయని, మామయ్య అందర్నీ కట్ట లోపలి వాలు మీద నాటుకోమన్నాడు. ఊరి కొడుకులందరి చెట్లూ అక్కడే పెరిగాయి. పెళ్లిళ్లయ్యాయి, చెట్లు ఇళ్లకెక్కాయి, మొద్దులు కట్టలో ఉండిపోయాయి. బతికున్న వేరు మట్టిని పట్టుకుంటుందన్నది నిజమే. చచ్చిన వేరు మాత్రం లోలోపల కుళ్లిపోయి, తానున్న చోట గొట్టంలాంటి ఖాళీ వదిలిపెడుతుంది. నీళ్లకి అంతకన్నా ఏం కావాలి?

జోమార్త్‌ని కట్ట కింద ఊట దగ్గర కూర్చోబెట్టి, నేను పైన ఒక్కో మొద్దు దగ్గరా నీళ్లలో ఆకుపచ్చ రంగు కలుపుతూ వచ్చాను. ఊళ్లోవాళ్లు గట్టున నిలబడి, చదువుకున్న కోడలు చెరువుకి రంగులేస్తోందని నవ్వుకున్నారు. నవ్వుకోనీ అనుకున్నాను. ఒక మొద్దు దగ్గర పోసి, నేను చేతులు కడుక్కునేలోపు కింద నుంచి కేక వినపడింది.

"వచ్చింది! పచ్చగా వచ్చేసింది గుల్‌బారా!"

అతను పైకెక్కి వచ్చి మొద్దు చూశాడు. నవ్వు మాయమైంది.

"ఇది నా చెట్టు," అన్నాడు. "ఊళ్లో ఇంతమంది కొడుకులుండగా నా చెట్టే దొరికిందా నీకు?"

ఇంటికెళ్లి మా గదిలో వెల్లకిలా పడుకుని పైకి చూశాను. తెల్లగా చెక్కిన రెండు దూలాలు, పెళ్లికి ఏళ్ల ముందే నరికి ఆరబెట్టిన జోమార్త్ చెట్టువి. కొత్త కోడలిగా వచ్చిన రోజు వాటికి ఎర్రగుడ్డలు కట్టి ఉన్నాయి. నా నెత్తిన నీడ నిలబెట్టిన చెట్టే దిగువ వీధి మీదికి నీళ్లు తోలడానికి దారి తవ్వింది. ఆ వీధి కట్టకి సరిగ్గా కింద ఉంది, బడి ఉన్నదీ అక్కడే.

మామయ్యకి ఆ సాయంత్రమే చెప్పాను. ఆయన రొట్టె నములుతూ అంతా విన్నాడు.

"ఆ వేళ్లే కట్టని పట్టుకున్నాయమ్మాయ్. కట్ట కింద ఊట నీ పుట్టుకకి ముందునుంచీ ఉంది."

"అప్పుడు తేటగా ఉండేది మామయ్యా. ఇప్పుడు మట్టి వస్తోంది. నీళ్లు సగానికి దించి, మొద్దులు పీకి, మళ్లీ మట్టి కూరాలి."

"కాయ ఊరే రోజుల్లో నీళ్లు వదిలెయ్యమంటావా? తోటలు ఎండితే ఈ ఊరేం తింటుంది, నీ సీసాల్లో మట్టా?"

నీళ్లు వదిలితే ఆ ఏటి పంట పోతుంది, అది నాకూ తెలుసు. కాయ పోతే వచ్చే ఏడు మళ్లీ కాస్తుంది, దిగువ వీధి అలా కాదు కదా అన్నాను. ఆయన లేచి వెళ్లిపోయాడు.

ఇంట్లో పని జరగదని తేలాక ఊరి సభలో లేచి నిలబడ్డాను. ఆ రోజు సభ వేరే సంగతి మీద పెట్టారు. మగవాళ్లు ముందు, ఆడవాళ్లు వెనక. మామయ్య పెద్దల వరసలో, తెల్ల టోపీ పెట్టుకుని. నేను గొంతు సవరించుకుని, "పెద్దాయన కట్టలో బుంగ పడుతోంది," అన్నాను.

కల్‌ముర్జా అని ఊళ్లోకల్లా పెద్ద తోట ఉన్నాయన వెనక్కి తిరిగాడు. మామయ్యకి బాల్య స్నేహితుడు. నేను నోరు విప్పితే తన తోటకి నీళ్లు ఆగిపోతాయని ఆయనకి ముందే తెలుసు.

"ఏ పెద్దాయన కట్టమ్మా?"

"మా ఇంటి పెద్దాయనదండీ."

"ఈ ఊళ్లో గడ్డం నెరిసిన ప్రతివాడూ పెద్దాయనే. నాకూ నెరిసింది. నేనేం కట్టలేదే. ఉన్నవి రెండు కట్టలు, పైది, కిందిది. బుంగ దేనికో పేరు పెట్టి చెప్పు, రాసుకుంటాం."

అందరూ నవ్వారు. నేను చెప్పలేనని తెలిసే అడిగాడు. ఆడవాళ్లు కూడా తలగుడ్డలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. బడి ఉన్న వీధి ఒక పక్క, ఒక పేరు ఒక పక్క. రెండిట్లో ఏది బరువో తేల్చుకోవడానికి చదువు అక్కర్లేదు.

"సతార్‌కుల్ కట్టకి," అన్నాను. "సతార్‌కుల్ కట్టకి లోపల బుంగ పడింది. వెంటనే తూము తెరవాలి. రాసుకోండి."

నవ్వు ఆగిపోయింది. అత్తయ్య పక్కనున్న ముసలమ్మ పైటకొంగులాంటి తన తలగుడ్డని మొహం మీదికి లాక్కుంది. మామయ్య వెనక్కి తిరగలేదు, మెడ మాత్రం ఎర్రబడింది. తర్వాత అందరూ ఒక్కసారే మాట్లాడారు. కట్టకి పడ్డ బుంగ గురించి ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. నేను పలికిన పేరు గురించి ఊరంతా వారం పాటు మాట్లాడింది. పట్నం చదువులు ఇలాగే తగలడతాయన్నారు, మా అమ్మ పెంపకం అన్నారు, జోమార్త్ మెతక అన్నారు.

మర్నాడు పొద్దున్న నేను టీ తెచ్చి పెట్టాను. మామయ్య జీవితంలో టీ కుండ ముట్టుకోగా నేను చూడలేదు. ఆ రోజు ముట్టుకున్నాడు. నా పియాలా తన ముందుకి లాక్కుని, అంచుదాకా, పొర్లేదాకా పోసి, నా ముందు పెట్టాడు.

"నీ కాగితాల్లో నా పేరు ఉండకూడదు," అన్నాడు.

జోమార్త్ "నాన్నా" అని ఏదో అనబోయాడు. నేను అతని మోకాలు నొక్కాను. అంత వేడి టీ, అంచుదాకా ఉన్నది, చుక్క మిగల్చకుండా తాగాను. తాగి పియాలా కడిగి బోర్లించి, సీసా తీసుకుని మళ్లీ కట్ట మీదికే పోయాను. నన్ను పొమ్మన్నారు. ఎక్కడికి పొమ్మన్నారో చెప్పలేదు కదా.

తర్వాత రోజుల్లో ఇంట్లో నాతో మామూలుగా మాట్లాడింది జోమార్త్ ఒక్కడే. అత్తయ్య కూడా పనుల వరకే మాట్లాడేది. కానీ సీసాలు తుడవడం మానలేదు.

కొండల్లో వాన పడిన మర్నాడు, పొద్దు పొడిచీ పొడవకముందే ఊట దగ్గరికి వెళ్లాను. సీసా పెట్టాల్సిన పని లేకపోయింది. నీళ్లు ఎర్రమట్టి రంగులో, బుడబుడమంటూ, నిన్నటికి రెట్టింపు దూకుతున్నాయి. ఊట చుట్టూ మట్టి కుప్పగా పేరుకుంది. ఆ మట్టి కట్ట కడుపులోది. జోమార్త్‌ని లేపి దిగువ వీధికి పంపాను, ఇల్లిల్లూ తట్టి జనాన్ని పైకి నడిపించమని. నేను కట్టెక్కాను.

మామయ్య రోజూలాగే తూము పక్కన రాతి మీద కూర్చుని ఉన్నాడు. కల్‌ముర్జా కూడా ఉన్నాడు.

"ఊట ఎర్రగా వస్తోంది మామయ్యా."

"వాన పడింది. కొండవాలు మీది నీళ్లు అవి."

"కొండవాలు అటుంది. ఇది ఇటునుంచి వస్తోంది. ఒక్కసారి దిగి చూడండి."

"కాయ రంగు తిరుగుతోంది," అన్నాడు కల్‌ముర్జా. ఈసారి గొంతులో వెటకారం లేదు. "ఇంకొక్క తడి సతార్‌కుల్. ఇంకొక్క తడి ఇస్తే చాలు, తర్వాత నువ్వేం చేసుకున్నా సరే."

మామయ్య నావైపు చూడలేదు, కల్‌ముర్జా వైపూ చూడలేదు. నీళ్ల వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆయనకి తెలుసనిపించింది. తెలిసీ లేవలేకపోతున్నాడు. ఆ కట్ట తప్ప ఆయన బతుకులో చూపించుకోవడానికి ఇంకేమీ లేదు. నాకు ఒళ్లు మండింది, జాలీ వేసింది. పిడి ఎక్కడుందని అడిగితే ఇంట్లో తలుపు వెనక ఉందన్నాడు. నేను పరుగందుకోబోయాను.

నేను జోమార్త్‌ని లేపినప్పుడే విన్నదేమో, అప్పటికే అత్తయ్య కట్టెక్కి వస్తోంది. చంకలో ఇనుప పిడి. రెండో చేతిలో జామ్ సీసా. రొప్పుతోంది. దారిలో ఊట దగ్గర ఆగి పట్టుకొచ్చినట్టుంది, సీసాలో నీళ్లు ఇటుకపొడి కలిపినట్టున్నాయి. తీసుకొచ్చి ఆ సీసా ఆయన పక్కన రాతి మీద పెట్టింది. పిడి ఆయన ఒళ్లో పెట్టింది.

"సతార్‌కుల్," అంది. "తూము తెరువు."

మామయ్య తలెత్తాడు.

"ఏమన్నావు?"

"వినపడింది నీకు."

కల్‌ముర్జా టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. కింద దిగువ వీధిలో కుక్కలు అరుస్తున్నాయి, జోమార్త్ ఎవరినో కేకేస్తున్నాడు. మామయ్య పిడి తీసుకుని లేచాడు. మోకాళ్లు పట్టేసినట్టున్నాయి, అత్తయ్య మోచెయ్యి ఆసరా ఇచ్చింది. పిడి తూముకి తగిలించి తిప్పడం మొదలుపెట్టాడు.

"మెల్లగా మామయ్యా. ఒక్కసారిగా వదిలితే లోపలి వాలు జారిపోతుంది."

"నాకు చెప్తున్నావా?" అన్నాడు. కానీ మెల్లగానే తిప్పాడు.

నీళ్లు పాత వాగులో పడి, ఎవరి తోటకీ కాకుండా పోయాయి. ఊరంతా పైగట్టు మీద నిలబడి చూసింది. మట్టం దిగేకొద్దీ ఊట సన్నబడింది, మర్నాటికి తేరుకుంది. కట్ట నిలబడింది. నిలబడిన కట్టని చూసి జనం ఏమంటారో మీకు తెలుసు. చూశావా, ఏమీ కాలేదు, ఊరికే నీళ్లు పారబోశారు అన్నారు.

అందుకే మొద్దు తవ్వేరోజు అందర్నీ రమ్మన్నాం. జోమార్త్ తన చెట్టు మొద్దు తనే పెకలించాడు. కింద చీకటిగా ఒక బొరియ కనపడింది. మామయ్య కోటు విప్పి, నేల మీద బోర్లా పడుకుని, అందులో చెయ్యి పెట్టాడు. మోచెయ్యి పోయింది, భుజం పోయింది, చెంప మట్టికి ఆనింది, వేళ్లకి ఇంకా అడుగు తగలలేదు.

లేచాక చేతికున్న బురద దులుపుకోలేదు. కల్‌ముర్జా తన చేతికర్ర బొరియలో దూర్చి చూశాడు. కర్ర మొత్తం పోయింది. నా దగ్గరికొచ్చి, నేల చూస్తూ, "మా పెద్దాడి చెట్టు ఎటుంది అమ్మాయ్?" అని అడిగాడు. చూపించాను. అది చూసి పక్కాయన తన కొడుకుది అడిగాడు. సాయంత్రానికి ఇంటింటినుంచీ పారలు వచ్చాయి, ఎవరి కొడుకు మొద్దు వాళ్లే తవ్వుకున్నారు. కాయ ఆ ఏడు రసం పట్టకుండానే ఎండి రాలిపోయింది. జామ్ పెట్టడానికి పండ్లు లేవు కాబట్టి సీసాలు తిరిగివ్వమని అత్తయ్య అడగలేదు.

మొద్దులు తవ్విన రాత్రే, భోజనాల దగ్గర మామయ్య టీ కుండ అందుకున్నాడు. నా పియాలాలో సగానికి పోసి ఆపాడు.

"నీ కాగితాల్లో పేరు తీసేశావా?"

"ఇంకా లేదు మామయ్యా. నంబరు వేద్దామనుకుంటున్నాను."

"ఉంచు." రొట్టె ముక్క విరిచి నాకిచ్చాడు. "కట్టినందుకు ఇన్నేళ్లు ఊరందరిచేతా పలికించుకున్నాను. తప్పు దొరికినచోట నంబరు వెనక దాక్కుంటే మగతనమేనా అది?"

"సతార్‌కుల్, ఆ పంచదార ఇటు జరుపు," అంది అత్తయ్య. ఆయన జరిపాడు.

శీతాకాలం మొదట్లో బిష్కెక్‌లో నా థీసిస్ పరీక్ష జరిగింది. జోమార్త్ వ్యాన్లో అత్తయ్యనీ మామయ్యనీ తీసుకొచ్చి వెనక వరసలో కూర్చోబెట్టాడు. మామయ్య తెల్ల టోపీ తియ్యనన్నాడు. నెల్లీ త్సోయ్ నన్ను పైకి చదవమంది. థీసిస్ పేరు మొత్తం చదివాను, దగ్గలేదు.

పరీక్షించేవాళ్లలో ఒకాయన కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు. "కట్టడాలకి నంబర్లుంటాయి కదమ్మా. ఈ సతార్‌కుల్ ఎవరు?"

"మా మామగారండీ," అన్నాను. "కట్టిందీ ఆయనే, తూము తెరిచిందీ ఆయనే."

వెనక వరసలోంచి అత్తయ్య, హాలు మొత్తానికీ వినపడేలా, "తెరవమన్నది నేను," అంది.